ఎక్స్‌రే టెలిస్కోపులతో గెలాక్సీ క్లస్టర్ల అధ్యయనం: డేటా డౌన్‌లోడ్ నుంచి ద్రవ్యరాశి లెక్క దాకా

గెలాక్సీ క్లస్టర్ అనగానే వందలాది గెలాక్సీలు గుంపుగా కనిపించే ఫోటో గుర్తొస్తుంది. అయితే ఆ గెలాక్సీల్లోని నక్షత్రాలన్నీ కలిపినా క్లస్టర్ మొత్తం ద్రవ్యరాశిలో కొద్ది శాతమే. 80 నుంచి 85 శాతం దాకా కృష్ణ పదార్థం. మిగిలినదానిలో ఎక్కువ భాగం, గెలాక్సీల మధ్య ఖాళీ అనుకునే చోటంతా పరుచుకున్న వేడి వాయువు. దాని ఉష్ణోగ్రత కోటి నుంచి పది కోట్ల కెల్విన్‌ల దాకా ఉంటుంది. అంత వేడిమీద అది వెలిగేది ఎక్స్‌రేలలోనే. ఎక్స్‌రేలను భూమి వాతావరణం పీల్చేసుకుంటుంది కాబట్టి అంతరిక్షంలోకి వెళ్లక తప్పదు.

ఫిజిక్స్‌లో డిగ్రీ స్థాయి పరిచయం, కొంచెం పైథాన్, ఓపిక ఉన్నవారి కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను. టెలిస్కోపుల ఆర్కైవ్‌లు అందరికీ ఉచితం, సాఫ్ట్‌వేర్ ఉచితం. కష్టమంతా ఒక్కచోటే ఉంది. అందమైన చిత్రం మొదటి రోజే తయారవుతుంది కానీ, నమ్మదగిన ఉష్ణోగ్రత, సాంద్రత, ద్రవ్యరాశి రావాలంటే మీకు అందిన ఫోటాన్లలో క్లస్టర్‌వి కానివి ఏవో తేల్చుకోవాలి. అందుకే ఇందులో బ్యాక్‌గ్రౌండ్ గురించి రాసిన భాగమే పెద్దది. త్వరగా చదివేసినా ఆ భాగం మాత్రం దాటెయ్యకండి.

ముందుగా కాస్త భౌతికశాస్త్రం

ఆ వాయువు దాదాపు పూర్తిగా అయనీకరణం చెందిన ప్లాస్మా. వేగంగా పరిగెత్తే ఎలక్ట్రాన్లు అయాన్ల పక్కనుంచి వెళ్తూ దారి మళ్లినప్పుడు ఎక్స్‌రే వెలువడుతుంది. దీన్ని బ్రెమ్‌స్ట్రాలుంగ్ అంటారు. ఇందులో గుర్తుంచుకోవాల్సిన విషయాలు రెండు. వెలుగు సాంద్రత వర్గానికి అనులోమంగా ఉంటుంది, కాబట్టి కేంద్రం చాలా ప్రకాశవంతంగా, అంచులు చాలా మసకగా ఉంటాయి. సాంద్రత పదో వంతు అయితే వెలుగు నూరో వంతుకు పడిపోతుంది. రెండోది, స్పెక్ట్రం ఏ శక్తి దగ్గర వేగంగా వంగిపోతుందో అదే ఉష్ణోగ్రతను చెబుతుంది. అందుకే ఈ రంగంలో ఉష్ణోగ్రతను కూడా కిలో ఎలక్ట్రాన్ వోల్టుల్లోనే చెబుతారు (ఇకపై కేఈవీ). 1 కేఈవీ అంటే సుమారు 1.16 కోట్ల కెల్విన్.

దీనికి తోడు లోహాల రేఖలు. హైడ్రోజన్, హీలియం కాకుండా మిగిలిన మూలకాలన్నిటినీ ఖగోళశాస్త్రంలో లోహాలనే అంటారు. వేడి క్లస్టర్లలో అన్నిటికంటే ముఖ్యమైనది 6.7 కేఈవీ దగ్గరి ఇనుము రేఖ. 1976లో ఏరియల్ 5 ఉపగ్రహం పెర్సియస్ క్లస్టర్‌లో ఈ రేఖను పట్టుకున్నాకే, ఈ వెలుగు వేడి వాయువుదేనని గట్టిగా తేలింది. అంతకుముందు, 1970 డిసెంబరులో ప్రయోగించిన ఉహురు, క్లస్టర్ల నుంచి వచ్చే ఎక్స్‌రేలు ఒక బిందువు నుంచి కాక విశాలమైన ప్రాంతం నుంచి వస్తున్నాయని చూపించింది.

ఏ ప్రశ్నకు ఏ టెలిస్కోపు

టెలిస్కోపు ఎంచుకునే ముందు ప్రశ్న తేల్చుకోండి. కేంద్రంలో బుడగల్లాంటి ఖాళీలు, షాక్ అంచులు చూడాలా? క్లస్టర్ అంచుల దాకా ఉష్ణోగ్రత కావాలా? వాయువు ఎంత వేగంగా కదులుతోందో కొలవాలా? ఒక్కోదానికి ఒక్కో పరికరం.

చంద్ర 1999 జులైలో కొలంబియా షటిల్‌లో వెళ్లింది. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న ఈ టెలిస్కోపు అర ఆర్క్‌సెకండ్ (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3,600వ వంతు) స్థాయిలో స్పష్టంగా చూడగలదు. ఇప్పటికీ ఇంత పదును మరే ఎక్స్‌రే టెలిస్కోపుకూ లేదు. సన్నని అంచులు, ఖాళీలు కావాలంటే చంద్రే. దాని ఏసిస్-ఐ కెమెరా ఆకాశంలో సుమారు 17 ఆర్క్‌మినిట్ల చదరాన్ని చూస్తుంది. ఒక లోపం మాత్రం ఉంది. కెమెరా ముందున్న ఫిల్టర్ మీద ఏళ్ల తరబడి పదార్థం పేరుకుని 1 కేఈవీ కింద సున్నితత్వం బాగా తగ్గింది. అందుకే మృదువైన (తక్కువ శక్తి) ఎక్స్‌రేలు అవసరమైన పనికి పాత పరిశీలనలే మేలు.

ఎక్స్‌ఎంఎం-న్యూటన్ 1999 డిసెంబరులో వెళ్లింది. ఒక్కో దాంట్లో 58 గూళ్ల అద్దాలున్న మూడు టెలిస్కోపులు, అర డిగ్రీ చూపు. చంద్ర కంటే చాలా ఎక్కువ ఫోటాన్లు పోగుచేస్తుంది కాబట్టి ఉష్ణోగ్రత, లోహాల కొలతకు బాగుంటుంది. చూపు అంత పదును కాదు, ప్రోటాన్ల బెడద (కింద ఫ్లేర్ల దగ్గర చెబుతాను) ఎక్కువ.

2019 జులైలో వెళ్లిన ఈరోసిటా ఆకాశం మొత్తాన్ని జల్లెడ పట్టింది. 2024లో విడుదలైన మొదటి సర్వే కేటలాగ్‌లో 12,247 క్లస్టర్లు, చిన్న గుంపులు ఉన్నాయి. ఒక్క క్లస్టర్‌ను లోతుగా చూడటం కంటే వేల క్లస్టర్ల గణాంకాలు కావాలనుకునేవారికి అది గని. 2023 సెప్టెంబరులో వెళ్లిన క్రిజం దారి వేరు. దాని రిజాల్వ్ పరికరం సుమారు 5 ఎలక్ట్రాన్ వోల్టుల తేడాను కూడా విడదీస్తుంది, అంటే రేఖల వెడల్పు నుంచి వాయువు వేగాన్ని నేరుగా చదవొచ్చు. చిత్రాల విషయంలో మాత్రం దానికి స్పష్టత తక్కువ.

మొదటిసారి చేసేవారు చంద్రతో మొదలుపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. బ్యాక్‌గ్రౌండ్ తక్కువ, నేర్చుకునేందుకు పాఠాలు చాలా ఉన్నాయి, కళ్లకు కనిపించేది నిజమో కాదో త్వరగా తెలుస్తుంది.

మొదటి క్లస్టర్‌ను ఎంచుకోవడం

ప్రశాంతంగా, గుండ్రంగా, దగ్గరగా, ప్రకాశవంతంగా ఉన్నదాన్ని తీసుకోండి. ఏబెల్ 1795 నా సలహా. రెడ్‌షిఫ్ట్ (విశ్వం విస్తరించడం వల్ల వెలుగు తరంగదైర్ఘ్యం ఎంత సాగిందో చెప్పే అంకె) 0.0625, సగటు ఉష్ణోగ్రత సుమారు 6 కేఈవీ, కేంద్రం చల్లగా, దట్టంగా ఉంటుంది. కేలిబ్రేషన్ కోసం చంద్ర దీన్ని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూసింది కాబట్టి డేటాకు కొదవ లేదు. పైగా ఫిల్టర్ మీద పేరుకున్న మురికి ప్రభావాన్ని మీరే పాత, కొత్త స్పెక్ట్రాలు పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

డేటా ముట్టుకోకముందే కాగితం మీద కొన్ని అంకెలు రాసుకోండి. ఈ రెడ్‌షిఫ్ట్ దగ్గర 1 ఆర్క్‌సెకండ్ అంటే సుమారు 1.2 కిలోపార్సెక్‌లు (1 కిలోపార్సెక్ అంటే సుమారు 3,260 కాంతి సంవత్సరాలు). ఇనుము రేఖ 6.7ను 1.0625తో భాగిస్తే సుమారు 6.3 కేఈవీ దగ్గర కనబడాలి. ఏసిస్-ఐ చదరం పక్క పొడవు సుమారు 1,200 కిలోపార్సెక్‌లు. క్లస్టర్ వ్యాసార్థమే అంత ఉంటుంది, అంటే క్లస్టర్ కెమెరా నిండా పరుచుకుని ఉంటుంది. కెమెరాలో క్లస్టర్ లేని మూల దొరకదు! ఈ ఒక్క లెక్క, బ్యాక్‌గ్రౌండ్ విషయంలో తర్వాత ఏం చెయ్యాలో ముందే చెప్పేస్తుంది.

బుల్లెట్ క్లస్టర్ లాంటి ఢీకొంటున్న క్లస్టర్లు ఆకర్షణీయంగానే ఉంటాయి. కానీ వాటిలో ఉష్ణోగ్రత ఒక్కో దిక్కున ఒక్కోలా ఉంటుంది, గోళాకారం అనే ఊహ చెల్లదు. వాటిని రెండో ప్రాజెక్టుకు ఉంచుకోండి.

సాఫ్ట్‌వేర్, డేటా

చంద్ర డేటాకు సియావో ప్యాకేజీ, దానితోపాటు కేలిబ్రేషన్ ఫైళ్ల సంపుటి అయిన కాల్‌డీబీ కావాలి. కోండా ద్వారా రెండూ ఒకేసారి ఇన్‌స్టాల్ అవుతాయి. చిత్రాలు చూడ్డానికి డీఎస్9, స్పెక్ట్రం ఫిట్టింగ్‌కు ఎక్స్‌స్పెక్ లేదా సియావోతోనే వచ్చే షెర్పా. ఎక్స్‌ఎంఎంకు శాస్ అనే వేరే ప్యాకేజీ ఉంది.

ప్రతి పరిశీలనకూ ఆబ్స్‌ఐడి అనే నంబరు ఉంటుంది. ఆర్కైవ్‌లో క్లస్టర్ పేరుతో వెతికి, నిర్ణీత గడువు దాటి అందరికీ తెరుచుకున్న పరిశీలనల్లో ఎక్స్‌పోజర్ సమయం ఎక్కువున్నవి ఎంచుకుని, డౌన్‌లోడ్_చంద్ర_ఆబ్స్‌ఐడి ఆదేశంతో దింపుకోండి. ఏ కెమెరా, ఏ చిప్, ఏ మోడ్, ఏ తేదీ అన్న వివరాలు అప్పుడే ఒక పట్టికగా రాసి పెట్టుకోండి. పది పరిశీలనలు కలిపే రోజు ఈ పట్టిక లేకపోతే టెన్షన్ తప్పదు.

మళ్లీ ప్రాసెస్ చేయడం, ఫ్లేర్లు తీసేయడం

ఆర్కైవ్‌లో ఉన్న ఫైలు పాత కేలిబ్రేషన్‌తో తయారై ఉండొచ్చు. అందుకే ముందు చంద్ర_రెప్రో నడపండి. పరిశీలన వెరీ ఫెయింట్ మోడ్‌లో జరిగి ఉంటే, ఒక్కో ఫోటాన్ చుట్టూ 5×5 పిక్సెళ్ల సమాచారం ఉంటుంది. దాన్ని వాడుకుని కణాల బ్యాక్‌గ్రౌండ్‌ను తగ్గించే ఆప్షన్ ఆన్ చెయ్యండి. ఒక్క షరతు, తర్వాత బ్యాక్‌గ్రౌండ్ కోసం వాడే బ్లాంక్ స్కై (క్లస్టర్లు లేని ఆకాశం) ఫైలుకు కూడా అదే వడపోత పెట్టాలి. ఒకదానికి పెట్టి రెండోదానికి మరిచిపోతే అధిక శక్తుల దగ్గర బ్యాక్‌గ్రౌండ్ తేడాకొట్టి ఉష్ణోగ్రత చెడుతుంది.

తర్వాత ఫ్లేర్లు. సౌరగాలికి, భూ అయస్కాంత క్షేత్రానికి సంబంధించిన తక్కువ శక్తి ప్రోటాన్లు అప్పుడప్పుడు అద్దాల గుండా జారి కెమెరాలోకి వచ్చేస్తాయి. పాయింట్ సోర్సులను (చుక్కల్లా కనిపించే ఇతర వస్తువులు), క్లస్టర్ ప్రకాశవంతమైన భాగాన్ని మినహాయించి, 200 నుంచి 300 సెకన్ల బిన్లతో లైట్ కర్వ్ (కాలంతో పాటు ఫోటాన్ల రేటు ఎలా మారిందో చూపే గ్రాఫ్) గీయండి. సగటు కంటే లేచిన ముక్కలను డీఫ్లేర్‌తో తీసేయండి. చంద్రలో సాధారణంగా పోయేది కొంచెమే. ఎక్స్‌ఎంఎంలో మాత్రం కొన్ని పరిశీలనల్లో సగం సమయం కూడా పోతుంది. మనసు ఒప్పకపోయినా తీసేయాల్సిందే. ఫ్లేర్ ఉన్న సమయాన్ని ఉంచుకుంటే ఫోటాన్లు పెరుగుతాయి కానీ అవి క్లస్టర్ గురించి ఏమీ చెప్పవు. ఎక్స్‌ఎంఎంలో 10 కేఈవీ పైన గీసిన లైట్ కర్వ్ శుభ్రంగా కనిపించినా మృదువైన ఫ్లేర్లు మిగిలి ఉండొచ్చు. కాబట్టి తక్కువ శక్తుల్లో కూడా ఇంకోసారి చూడండి.

చిత్రం

0.5 నుంచి 7 కేఈవీ మధ్య చిత్రం తయారుచేయడానికి ఒక్క పరిశీలనకైతే ఫ్లక్స్‌ఇమేజ్, ఎక్కువ పరిశీలనలకైతే మెర్జ్_ఆబ్స్ సరిపోతాయి. ఇవి ఎక్స్‌పోజర్ మ్యాప్ కూడా ఇస్తాయి. చూపు మధ్యలో కంటే అంచుల్లో టెలిస్కోపు తక్కువ ఫోటాన్లు పట్టుకుంటుంది, చిప్‌ల మధ్య సందులు ఉంటాయి. ఎక్స్‌పోజర్ మ్యాప్‌తో భాగించకుండా గీసిన ప్రకాశం వక్రం మీద ఏ నిర్ణయానికీ రాకండి.

పాయింట్ సోర్సులను వేవ్‌డిటెక్ట్ వెతుకుతుంది. ఎక్కువగా అవి వెనకాల చాలా దూరంలో ఉన్న గెలాక్సీల కేంద్ర కృష్ణబిలాలు. జాబితాను గుడ్డిగా నమ్మొద్దు. క్లస్టర్ కేంద్రంలోని దట్టమైన వాయువును కూడా అది పాయింట్ సోర్స్ అనుకుంటుంది. ఒక్కొక్కటీ కళ్లతో చూసి, కేంద్రాన్ని ఉంచి మిగిలినవి తీసేయండి.

ప్రకాశవంతమైన కేంద్రం ఉన్న క్లస్టర్లలో రీడౌట్ చార కూడా గమనించాలి. డేటా బయటికి పంపే కొద్ది క్షణాల్లో పడిన ఫోటాన్లు తప్పు చోట నమోదవుతాయి. చంద్ర ఏసిస్‌లో ఇవి సుమారు 1.3 శాతం. ఎక్స్‌ఎంఎం పీఎన్ కెమెరా ఫుల్ ఫ్రేమ్ మోడ్‌లో 6.3 శాతం దాకా ఉంటాయి, అది వదిలేసే అంకె కాదు.

ఇక కేంద్రం ఎక్కడ పెట్టాలి? వాయువు చల్లబడటం గురించి చూస్తుంటే ఎక్స్‌రే శిఖరం దగ్గర. మొత్తం ద్రవ్యరాశి కోసమైతే పెద్ద ప్రాంతపు సగటు కేంద్రం దగ్గర. ఏబెల్ 1795లో రెండూ దగ్గరదగ్గరగానే ఉంటాయి కాబట్టి గొడవ లేదు.

బ్యాక్‌గ్రౌండ్: అసలు పని ఇక్కడే

క్లస్టర్ కేంద్రంలో మీరు ఏ తప్పు చేసినా క్లస్టర్ వెలుగు దాన్ని మింగేస్తుంది. అంచులకు వెళ్లేకొద్దీ పరిస్థితి తలకిందులవుతుంది. అక్కడ అందే ఫోటాన్లలో అధిక భాగం క్లస్టర్‌వి కావు. బ్యాక్‌గ్రౌండ్‌ను కొద్ది శాతం తక్కువగా తీసేస్తే, మిగిలిపోయినది అధిక శక్తుల్లో కనబడి ఉష్ణోగ్రతను పైకి నెడుతుంది. ఎక్కువగా తీసేస్తే కిందికి లాగుతుంది. క్లస్టర్ ద్రవ్యరాశిలో ఎక్కువ భాగం ఆ అంచుల దగ్గరే నిర్ణయమవుతుంది.

బ్యాక్‌గ్రౌండ్ ఒక్కటి కాదు. ముందుగా కణాల బ్యాక్‌గ్రౌండ్ ఉంది. విశ్వ కిరణాలు అద్దాల గుండా కాకుండా నేరుగా ఉపగ్రహం గోడల్లోంచి దూసుకొచ్చి కెమెరాలో సంకేతాలు పుట్టిస్తాయి. పరికరంలోని లోహాలను తాకి వాటి సొంత రేఖలను కూడా వెలిగిస్తాయి. ఎక్స్‌ఎంఎంలో మాస్ (ఎంఓఎస్) అనే కెమెరాల్లో 1.49 కేఈవీ దగ్గర అల్యూమినియం, 1.74 దగ్గర సిలికాన్, పీఎన్‌లో 8 కేఈవీ దగ్గర రాగి. వీటిని క్లస్టర్ లోహాలుగా పొరబడకండి. గుర్తుపట్టే సూత్రం సులభం: క్లస్టర్ రేఖ రెడ్‌షిఫ్ట్ ప్రకారం జరుగుతుంది, పరికరం రేఖ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

తర్వాత, ఆకాశం నుంచి నిజంగా అద్దాల గుండానే వచ్చే వెలుగు. మన సూర్యుడి చుట్టుపక్కల ఉన్న 0.1 కేఈవీ వేడి వాయువు, పాలపుంత చుట్టూ ఉన్న 0.2 కేఈవీ ప్రాంతపు ఆవరణ, విడిగా కనబడనంత మసకగా ఉన్న సుదూర కృష్ణబిలాల మొత్తం వెలుగు. ఈ చివరిదాన్ని 1.4 ఘాతంతో పవర్ లా మోడల్‌గా రాస్తారు. మీరు ఎన్ని పాయింట్ సోర్సులను తీసేస్తే ఇది అంత తగ్గుతుంది, కాబట్టి ఇది పరిశీలన లోతు మీద కూడా ఆధారపడి ఉంటుంది.

ఏబెల్ 1795లో ఖాళీ మూల లేదని ముందే లెక్క చూశాం. అందువల్ల బ్లాంక్ స్కై ఫైళ్లు వాడతాం. క్లస్టర్లు లేని ఆకాశపు దిక్కుల్లో చేసిన పరిశీలనలన్నీ కలిపి చంద్ర బృందం వీటిని తయారుచేసింది. సియావోలోని బ్లాంక్‌స్కై ఆదేశం మీ పరిశీలనకు సరిపోయే ఫైలును ఎంచి, మీ ఆకాశ స్థానానికి తిప్పి ఇస్తుంది. కణాల స్థాయి రోజురోజుకూ, సౌరచక్రాన్ని బట్టీ మారుతుంది కాబట్టి స్కేలింగ్ తప్పనిసరి. 9 నుంచి 12 కేఈవీ మధ్య చంద్ర అద్దాలు దాదాపుగా ఏమీ పట్టలేవు. అక్కడ కనిపించేదంతా కణాలే. మీ డేటాకూ, బ్లాంక్ స్కైకీ ఆ పట్టీలో ఉన్న నిష్పత్తితో గుణిస్తే సరి.

అక్కడితో ఆపకూడదు. ఈ స్కేలింగ్ కణాలను సరిచేస్తుంది కానీ మృదువైన ఆకాశపు వెలుగును సరిచేయదు. అది దిక్కును బట్టి మారుతుంది. క్లస్టర్‌కు వీలైనంత దూరంగా ఉన్న ప్రాంతం నుంచి స్పెక్ట్రం తీసి, స్కేల్ చేసిన బ్లాంక్ స్కైని తీసేసి, మిగిలింది చూడండి. 1 కేఈవీ కింద గుట్టలాగా లేచినా, రుణ విలువల్లోకి దిగినా, ఆ మిగులును సుమారు 0.2 కేఈవీ మోడల్‌గా ఫిట్ చేసి (దిగితే రుణ నార్మలైజేషన్‌తో), విస్తీర్ణం ప్రకారం మిగతా అన్ని ప్రాంతాల్లోనూ కలపాలి. రోశాట్ అనే పాత ఎక్స్‌రే ఉపగ్రహం చేసిన ఆకాశ సర్వేలో క్లస్టర్ బయట 1 నుంచి 2 డిగ్రీల వలయపు స్పెక్ట్రాన్ని కూడా ఈ ఫిట్‌లో కలిపితే పట్టు బిగుస్తుంది.

చివరిగా ఒక పరీక్ష. ప్రతి ఫలితాన్నీ బ్యాక్‌గ్రౌండ్‌ను 5 శాతం పెంచి ఒకసారి, 5 శాతం తగ్గించి ఒకసారి తిరిగి లెక్కకట్టండి. ఉష్ణోగ్రత గణాంక దోషం పరిధి దాటి కదిలిందంటే, ఆ వలయం మీ డేటాకు అందదు. దాన్ని వదిలేసి లోపలి వలయాలతో ఆగడమే నిజాయితీ. ఇంకొంచెం బయటికి వెళ్లాలన్న ఆశతో నిలబడని అంకెను గ్రాఫ్‌లో పెట్టొద్దు.

స్పెక్ట్రం ఫిట్టింగ్

కేంద్రం చుట్టూ వలయాలు గీయండి. చంద్రతో ఉష్ణోగ్రత సుమారుగా పట్టుకోవాలంటే ఒక్కో వలయంలో నికరంగా కనీసం రెండు మూడు వేల ఫోటాన్లు ఉండేలా వెడల్పు పెట్టుకోండి. లోహాల శాతం కూడా కావాలంటే అంతకు చాలా రెట్లు కావాలి. ఎక్స్‌ఎంఎంలో అయితే వలయం వెడల్పు 30 ఆర్క్‌సెకన్ల కంటే తగ్గించకండి, కేంద్రపు వెలుగు పక్క వలయాల్లోకి చిందుతుంది.

స్పెక్‌ఎక్స్‌ట్రాక్ట్ ఆదేశం స్పెక్ట్రంతో పాటు ఏఆర్‌ఎఫ్, ఆర్‌ఎంఎఫ్ ఫైళ్లను ఇస్తుంది. ఒకటి టెలిస్కోపు ఏ శక్తిలో ఎంత పట్టుకుంటుందో చెబుతుంది, రెండోది ఒక శక్తి ఫోటాన్ ఏ చానెల్‌లో ఎలా పరుచుకుంటుందో చెబుతుంది. మోడల్ మామూలుగా టీబీయాబ్స్ గుణకంగా అపెక్. మొదటిది పాలపుంత హైడ్రోజన్ వల్ల కలిగే శోషణ, రెండోది వేడి ప్లాస్మా వెలుగు. రెడ్‌షిఫ్ట్‌ను బిగించేయండి. హైడ్రోజన్ విలువను రేడియో సర్వేల నుంచి తీసుకుని మొదట బిగించండి, తర్వాత ఒకసారి వదిలి చూడండి. రెండూ బాగా వేరుగా వస్తే తక్కువ శక్తుల్లో ఏదో తేడా ఉందని అర్థం. 0.7 నుంచి 7 కేఈవీ వరకు ఫిట్ చేస్తే చాలు.

గణాంకం విషయంలో సీ-స్టాట్ (ఫోటాన్లు తక్కువున్నా చెల్లే, పాయిసాన్ గణాంకాల మీద ఆధారపడిన ఫిట్ కొలమానం) వాడండి. ఫోటాన్లను 25 చొప్పున గుంపులు కట్టి కై-స్క్వేర్ వాడటం పాత అలవాటు. తక్కువ ఫోటాన్లు ఉన్నప్పుడు అది ఉష్ణోగ్రతను ఒక పక్కకు లాగుతుంది.

లోహాల పట్టిక విషయంలో చాలామంది తడబడతారు. సూర్యుడిలో ఏ మూలకం ఎంత ఉందో చెప్పేది ఈ పట్టిక, క్లస్టర్ లోహాలను దానికి నిష్పత్తిగా చెబుతారు. ఎక్స్‌స్పెక్ మొదట ఇచ్చేది 1989 నాటి ఆండర్స్-గ్రెవెస్ పట్టిక. 2009 నాటి అస్ప్లండ్ పట్టికలో సూర్యుడి ఇనుము సుమారు మూడో వంతు తక్కువ. ఒకే స్పెక్ట్రానికి మొదటి దానితో 0.3 వస్తే, రెండో దానితో సుమారు 0.44 వస్తుంది. ఏ పట్టిక వాడారో రాయకపోతే మీ అంకెకు అర్థమే లేదు. క్లస్టర్ బయటి భాగాల్లో పాత పట్టిక ప్రకారం 0.3 మామూలే. చల్లని కేంద్రాల్లో అది రెట్టింపుకు పైనే ఉండొచ్చు.

ఇంకో విషయం. ఒక వలయంలో రెండు మూడు ఉష్ణోగ్రతలు కలిసి ఉంటే, ఫిట్ ఇచ్చే సగటు చల్లని, దట్టమైన వాయువు వైపే మొగ్గుతుంది. కేంద్రంలో ఒక ఉష్ణోగ్రత మోడల్ సరిపోకపోతే రెండోది కలిపి చూడండి, అది నిజంగా అవసరమో కాదో సీ-స్టాట్ తగ్గుదల చెబుతుంది.

పొరలు ఒలవడం: ప్రొజెక్షన్ నుంచి నిజమైన సాంద్రతకు

మనం చూసేది చదునుగా పరిచిన క్లస్టర్‌ను. లోపలి వలయంలోకి ముందూ వెనకా ఉన్న బయటి పొరల వెలుగు కూడా కలుస్తుంది. ఉల్లిపాయ పొరలు ఒలిచినట్టు బయటి వలయం నుంచి మొదలుపెట్టి, దాని వాటాను లోపలి వాటిలోంచి తీసేస్తూ రావాలి. ఎక్స్‌స్పెక్‌లో ప్రోజెక్ట్ మోడల్ ఈ పని చేస్తుంది. ఒక పొరలో దోషం పక్క పొరలోకి పాకి ఉష్ణోగ్రత పైకీ కిందికీ ఊగడం దీనితో మామూలే. వలయాలను వెడల్పు చేస్తే ఊగడం తగ్గుతుంది.

అపెక్ నార్మలైజేషన్‌లో ఎలక్ట్రాన్, హైడ్రోజన్ సాంద్రతల లబ్ధం, ఘనపరిమాణం, దూరం దాగి ఉంటాయి. ఎలక్ట్రాన్లు హైడ్రోజన్ కంటే సుమారు 1.2 రెట్లు అని తీసుకుంటే సాంద్రత బయటికి వస్తుంది. ఏబెల్ 1795 లాంటి వాటి కేంద్రం దగ్గర ఒక ఘన సెంటీమీటరుకు 0.05 ఎలక్ట్రాన్ల స్థాయిలో, బయట 0.001 కంటే కింద రావాలి. దీనికి చాలా దూరంగా వస్తే యూనిట్లు సరిచూసుకోండి.

మరింత సున్నితమైన సాంద్రత వక్రం కావాలంటే ప్రకాశం వక్రానికి బీటా మోడల్ (మధ్యలో చదునుగా ఉండి బయటికి ఘాతం ప్రకారం తగ్గే సూత్రం) ఫిట్ చేయండి. ఇది 1976 నాటిది, బీటా విలువ 2/3 దగ్గర వస్తుంది. చల్లని కేంద్రం ఉన్నచోట ఒక బీటా చాలదు, రెండు కలపాలి.

సాంద్రత, ఉష్ణోగ్రత చేతికొచ్చాక ఎంట్రోపీ, చల్లబడే కాలం నిమిషాల పని. ఎంట్రోపీ అంటే ఉష్ణోగ్రతను సాంద్రత 2/3 ఘాతంతో భాగించినది. కేంద్రంలో అది 30 కేఈవీ చదరపు సెంటీమీటర్ల కంటే తగ్గితే, ఆ క్లస్టర్ల మధ్య గెలాక్సీలో చల్లని వాయువు, చురుకైన కృష్ణబిలం సాధారణంగా కనిపిస్తాయి. చల్లబడే కాలానికి చేతిలెక్క ఇది: 10⁸ కెల్విన్, ఘన సెంటీమీటరుకు 0.001 ప్రోటాన్లు ఉంటే 8,500 కోట్ల సంవత్సరాలు. సాంద్రత పెరిగితే అంతే రెట్లు తగ్గుతుంది, ఉష్ణోగ్రత వర్గమూలంతో పెరుగుతుంది. 3 కేఈవీ, 0.05 సాంద్రతకు లెక్కకడితే సుమారు 100 కోట్ల సంవత్సరాలు. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలు కదా, మరి ఆ వాయువు ఎప్పుడో చల్లబడి నక్షత్రాలుగా మారిపోయి ఉండాలి. అలా ఎందుకు జరగలేదన్నదే ఈ రంగంలోని పెద్ద ప్రశ్న. కేంద్ర కృష్ణబిలం తిరిగి వేడి చేస్తోందన్నది నేటి ప్రధాన సమాధానం.

ద్రవ్యరాశి

వాయువు కూలిపోకుండా, ఎగిరిపోకుండా నిలకడగా ఉందంటే, దాని పీడనం గురుత్వాన్ని ఆపుతోందని అర్థం. దీన్నే జలస్థితిక సమతుల్యత అంటారు. అప్పుడు ఒక వ్యాసార్థం లోపలి మొత్తం ద్రవ్యరాశి, కృష్ణ పదార్థంతో సహా, ఇలా వస్తుంది: 3.7×10¹³ సూర్యుల ద్రవ్యరాశిని, కేఈవీలలో ఉష్ణోగ్రతతో, మెగాపార్సెక్‌లలో వ్యాసార్థంతో, సాంద్రత, ఉష్ణోగ్రతల లాగరిథమిక్ వాలుల మొత్తంతో (రుణ గుర్తు తీసేసి) గుణించండి. ఉదాహరణకు 1 మెగాపార్సెక్ దగ్గర ఉష్ణోగ్రత 5 కేఈవీ, వాలుల మొత్తం 2.7 అయితే, సుమారు 5×10¹⁴ సూర్యులు.

ఈ సూత్రంలో ఉష్ణోగ్రత నేరుగా ఉంది, సాంద్రత వాలుగా మాత్రమే ఉంది. అంటే అంచులో బ్యాక్‌గ్రౌండ్ తప్పు వల్ల ఉష్ణోగ్రత ఎంత శాతం తప్పితే ద్రవ్యరాశి కూడా దాదాపు అంత శాతం తప్పుతుంది. వేడి క్లస్టర్లలో చంద్ర ఇచ్చే ఉష్ణోగ్రతలు ఎక్స్‌ఎంఎం ఇచ్చేవాటికంటే ఎక్కువగా ఉంటాయన్నది కూడా తెలిసిన విషయమే. రెండు టెలిస్కోపుల ఫలితాలను ఒకే గ్రాఫ్‌లో కలిపేముందు దీన్ని గుర్తుపెట్టుకోండి.

వాయువులో సుడులు, ప్రవాహాలు ఉంటే అవి కూడా గురుత్వాన్ని ఆపడంలో పాలుపంచుకుంటాయి, అప్పుడు మన లెక్క తక్కువగా వస్తుంది. 2016లో హిటోమి ఉపగ్రహం పాడైపోయేలోగా పెర్సియస్ కేంద్రాన్ని చూసి, వాయువు యాదృచ్ఛిక వేగం సెకనుకు సుమారు 164 కిలోమీటర్లని కొలిచింది. దాని పీడనం ఉష్ణ పీడనంలో సుమారు 4 శాతమే. కేంద్రాల దగ్గర ఈ లెక్క ఊరటనిస్తుంది. అంచుల్లో మాత్రం అది అంత చిన్నదని అనుకోకూడదు.

వాయువు ద్రవ్యరాశిని మొత్తం ద్రవ్యరాశితో భాగించి చూడండి. మొత్తం విశ్వంలో మామూలు పదార్థం వాటా సుమారు 16 శాతం. పెద్ద క్లస్టర్ బయటి భాగాల్లో వాయువు వాటా దీనికి కొంచెం తక్కువగా రావాలి, కొద్ది శాతం నక్షత్రాల్లో ఉంటుంది కాబట్టి. 25 శాతం వచ్చిందంటే మీరు కొత్త భౌతికశాస్త్రం కనిపెట్టినట్టు కాదు, తిరిగి బ్యాక్‌గ్రౌండ్ దగ్గరికి వెళ్లాలన్నమాట.

అంచులు, ఖాళీలు

ఇప్పుడు మళ్లీ చిత్రం దగ్గరికి వెళ్లండి. నునుపైన మోడల్‌ను చిత్రం నుంచి తీసేస్తే దాగి ఉన్న వివరాలు బయటపడతాయి. ఏబెల్ 1795లో కేంద్రం నుంచి దక్షిణంగా సాగే చల్లని వాయువు తీగ కనబడాలి. ఎక్కువగా స్మూత్ చేసిన చిత్రంలో లేని నిర్మాణాలు పుట్టుకొస్తాయి కాబట్టి, ఏది కనిపించినా ముడి ఫోటాన్ల సంఖ్యతో సరిచూడండి.

ప్రకాశం ఒక్కసారిగా పడిపోయే అంచు కనిపిస్తే అది షాకా, కోల్డ్ ఫ్రంటా? అంచుకు రెండు వైపులా ఉష్ణోగ్రత కొలవండి. ప్రకాశవంతమైన వైపు వేడిగా ఉంటే షాక్. చల్లగా ఉండి, రెండు వైపులా పీడనం దాదాపు సమానంగా ఉంటే కోల్డ్ ఫ్రంట్. 2000లో ఏబెల్ 2142లో చంద్ర కోల్డ్ ఫ్రంట్లను చూపించేదాకా అలాంటి అంచులన్నీ షాక్‌లే అయ్యుంటాయనిపించేది. షాక్ అయితే సాంద్రత ఎన్ని రెట్లు పెరిగిందో దాన్నిబట్టి మాక్ సంఖ్య వస్తుంది. బుల్లెట్ క్లస్టర్‌లో లాగా మాక్ 3 అయితే సాంద్రత సరిగ్గా 3 రెట్లు, ఎంత బలమైన షాక్ అయినా 4 రెట్లు దాటదు.

కేంద్ర కృష్ణబిలం జెట్లు వాయువును పక్కకు తోసేసి ఖాళీలు చేస్తాయి. వాటి శక్తి లెక్క చాలా సరళం. ఖాళీ చుట్టూ ఉన్న పీడనాన్ని దాని ఘనపరిమాణంతో గుణించి, జెట్ పదార్థం సాపేక్ష వేగాల కణాలైతే 4 రెట్లు చేయండి. ఎంఎస్ 0735.6+7421 క్లస్టర్‌లో ఒక్కో ఖాళీ సుమారు 200 కిలోపార్సెక్‌ల వ్యాసం ఉంటుంది, శక్తి 10⁶¹ ఎర్గుల పైనే. ఖాళీ ముందూ వెనకా ఎంత లోతు ఉందో మనకు కనబడదు, అందుకే ఈ అంకెల్లో రెండు మూడు రెట్ల తేడా సహజం. దాన్ని దాచకుండా రాయండి.

ఫలితం రాసేటప్పుడు

ఆబ్స్‌ఐడిలు, ఫ్లేర్లు తీశాక మిగిలిన సమయం, సియావో, కాల్‌డీబీ, అపెక్ వెర్షన్లు, లోహాల పట్టిక, హైడ్రోజన్ విలువ, ఫిట్ చేసిన శక్తి పరిధి, హబుల్ స్థిరాంకం, బ్యాక్‌గ్రౌండ్ పద్ధతి, ఇవన్నీ అంకెల పక్కనే ఉండాలి. గణాంక దోషాన్ని, బ్యాక్‌గ్రౌండ్ మార్చి చూసినప్పుడు వచ్చిన తేడాను వేర్వేరుగా ఇవ్వండి. ఏబెల్ 1795 మీద ఇప్పటికే చాలా ఫలితాలు వెలువడ్డాయి, మీ ఉష్ణోగ్రత వక్రాన్ని వాటి పక్కన పెట్టి చూడండి. కేంద్రంలో తగ్గి, వంద రెండు వందల కిలోపార్సెక్‌ల దగ్గర 6 కేఈవీకి చేరి, బయటికి మెల్లగా పడిపోవాలి. ఆ ఆకారం వచ్చి, 5 శాతం పరీక్షను తట్టుకున్నాక, ఇంతవరకు ఎవరూ లోతుగా చూడని క్లస్టర్‌ను ఈరోసిటా కేటలాగ్ నుంచి ఎంచుకుని, దాని మీద చంద్ర లేదా ఎక్స్‌ఎంఎం పాత పరిశీలన ఏదైనా ఉందేమో ఆర్కైవ్‌లో వెతకడం మొదలుపెట్టండి.